లైట్ బాక్స్‌లో వైట్ బ్యాలెన్స్: తెల్ల కాగితమా, గ్రే కార్డా?

చిన్న వస్తువులను ఫోటో తీయడానికి అట్టపెట్టెతో సొంతంగా చేసుకున్న లైట్ బాక్స్‌లో ఫోటోలు పసుపుగానో నీలంగానో వస్తుంటే, చాలామంది చేతికందిన తెల్ల కాగితం పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (ఇదీ తెలుపు అని కెమెరాకు మనమే చూపించడం) సెట్ చేసేస్తారు. నేనూ చాలాకాలం అదే చేశాను. ఏదో పని జరుగుతుంది గానీ, ప్రింటర్ కాగితం తెల్లగా మెరవాలని కలిపే రసాయనాలు లైట్‌లో ఉండే అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వెలుగుతాయి, ఆ నీలాన్ని సరిచేయబోయి కెమెరా ఫోటో మొత్తాన్ని పసుపు వైపు లాగేస్తుంది. వెండి ఉంగరం తీసి చూడండి, ఆ ఛాయ ఇట్టే తెలిసిపోతుంది. పైగా కాగితం మీద ఎక్స్‌పోజర్ (కెమెరాలో పడే వెలుతురు) ఎక్కువైతే రీడింగే తప్పు.

గ్రే కార్డుతో ఈ రెండు బాధలూ ఉండవు. మామూలుగా 18 శాతం కాంతినే తిప్పి పంపే బూడిద రంగు అది, అంత తేలిగ్గా ఓవర్ అవ్వదు. వస్తువు పెట్టే చోటే కార్డు నిలబెట్టి ఒక షాట్ తీస్తే బాక్స్ గోడల గుడ్డ రంగు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దని ముడి ఫైలుగా) తీసుంటే తర్వాత ఎడిటింగ్ యాప్‌లో రంగు ఎంచుకునే ఐడ్రాపర్‌తో కార్డు మీద ఒక్క క్లిక్ చాలు. నా ఓటు దీనికే.

కిటికీ వెలుగు, బల్బు వెలుగు కలిస్తే మాత్రం కాగితమూ కార్డూ రెండూ కాపాడలేవు, ముందు కర్టెన్ వేసేయండి.