విలీనమా, పంచాయతీయా? కుళాయి నీళ్లకు ఏది మేలు?

చుట్టుపక్కల పంచాయతీలను నగరంలో కలిపే గ్రేటర్ విజయవాడ మాట వచ్చినప్పుడల్లా రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు వైపు ముందు లెక్కలేసేది ఇంటి పన్ను ఎంత పెరుగుతుందనే. నీళ్ల సంగతి తర్వాతెప్పుడో. నన్నడిగితే ముందు తేలాల్సింది అదే.

పంచాయతీలో ఉంటే సుఖం ఒకటే, కానీ అది చిన్నదేం కాదు. వాల్వు తిప్పే మనిషి ఇల్లెక్కడో తెలుసు, సర్పంచ్‌ని నడిరోడ్డు మీదే నిలదీయొచ్చు. ఆ సర్పంచ్ చేతిలో డబ్బేది మరి? కేంద్రం నుంచి పంచాయతీలకొచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో (2021-26) 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టారు. అయినా ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద మళ్లించేశారని మన రాష్ట్రంలోనే సర్పంచులు రోడ్డెక్కారు. పైగా బోరు నీళ్లు ఉప్పగా ఉన్న వీధుల్లో కుళాయి ఉన్నా టిన్ను కొనక తప్పదు.

కార్పొరేషన్ దగ్గర కృష్ణ నీళ్లున్నాయి, విద్యాధరపురంలో వాటిని శుద్ధి చేసే హెడ్ వాటర్ వర్క్స్ ఉంది, ఇంజనీర్లున్నారు. ప్రమాణాల్లోనూ తేడా ఉంది. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జలజీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు అంటే, నగరాలకు అనుకునే లెక్క 135. నీటి వరకే చూస్తే పంచాయతీ దీనికి సాటి రాదు.

మరి గుంటూరు సంగతి? గోరంట్ల, నల్లపాడు లాంటి ఊళ్లను అక్కడ నగరంలో కలిపేశారు. 2010లో నగర పాలకవర్గం గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే ఆ ఊళ్లకు సర్పంచ్ పోయాడు, కార్పొరేటర్ రాలేదు. 2018 మార్చిలో ఆనందపేట వైపు మురుగు కలిసిన నీళ్లతో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయినప్పుడూ అధికారుల పాలనే. కార్పొరేటర్ ఉంటే ఆ లీకు ముందే బాగుపడేదని నేననను. కానీ కుళాయి నీళ్లు వాసనొస్తున్నాయని చెబితే, రేపు ఓటు కోసం మన గుమ్మం ఎక్కాల్సిన మనిషి మాత్రం అప్పుడు లేడు.

2019లో వచ్చిన వార్డు సచివాలయం ఆ లోటు తీర్చిందా అంటే సగమే. ఫిర్యాదు రాసుకుంటారు, పైపు మార్చే డబ్బు వాళ్ల దగ్గర ఉండదు. పంచాయతీలకు, మునిసిపాలిటీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73, 74 సవరణలు తాగునీటిని స్థానిక సంస్థల జాబితాల్లో చేర్చాయి. అయితే అధికారాలు 'ఇవ్వవచ్చు' అన్నాయే గానీ ఇచ్చి తీరాలనలేదు. అందుకే పని కిందికి దిగింది, పైసలు పైనే ఆగాయి. ఇక హైదరాబాద్‌లోలా నీటికి వేరే బోర్డు పెడితే సర్పంచ్, కార్పొరేటర్ ఇద్దరూ పక్కకు పోతారు. అది నాకు నచ్చదు.

నా ఓటు మధ్య దారికి. కార్పొరేషన్ శుద్ధి చేసిన నీళ్లు ఊరి ట్యాంకు దాకా తెచ్చి టోకున అమ్మాలి. ట్యాంకు నుంచి కుళాయి దాకా పంచాయతీ చూసుకోవాలి. చిక్కల్లా బిల్లు దగ్గరే. పంచాయతీ కట్టలేకపోతే నీళ్లు ఆపేస్తారు. కాబట్టి ఆర్థిక సంఘం గ్రాంట్లలో నీటికి కేటాయించే వాటాలోంచి ముందు ఈ బిల్లే తీసేలా ఒప్పందం రాసుకోవాలి. అదీ కుదరదంటే, విలీనం తీర్మానంలోనే నది నీళ్ల పైపు ఏ తేదీకి వస్తుందో, లీకు బాగుచేసే డబ్బు వార్డులో ఎవరి చేతిలో ఉంటుందో రాయమని పట్టుబట్టాలి.