ఆరేళ్లుగా షిట్జూ జాతి కుక్కని పెంచుతున్నాం, ఖర్చు ఇదీ

మావాడి పేరు బూరె. తెచ్చిన రోజు గుండ్రంగా, గోధుమరంగులో అచ్చం అలాగే ఉన్నాడు. 2019 చివర్లో గుంటూరులో ఒకాయన దగ్గర 25 వేలకి కొన్నాం. జాతిని ధ్రువీకరించే కెన్నెల్ క్లబ్ కాగితాలు కావాలంటే ఇంకో పదిహేను వేలు అన్నాడు, మనమేమైనా పోటీలకి తీసుకెళ్తామా అని వద్దన్నాం. ఆ డబ్బుకి పెయ్యదూడ వచ్చేది, ఈపాటికి పాలైనా ఇచ్చేది అని మా నాన్న ఇప్పటికీ దెప్పుతుంటారు.

ఆరు కిలోల కుక్క, ఎంత తింటుందిలే అనుకున్నాను. తిండి సంగతిలో ఆ లెక్క తప్పలేదు. రోజుకి 80 గ్రాముల డ్రై ఫుడ్, సాయంత్రం కాస్త ఉడకబెట్టిన చికెన్, అన్నీ కలిపి నెలకి 1,800. నేను ఊహించనిది జుట్టు. షిట్జూ వెంట్రుకలు ఇల్లంతా రాలవు, అది నిజం, కానీ రాలాల్సినవి ఒంటిమీదే చిక్కుపడి చెవుల వెనకా చంకల్లో ఉండలు కట్టేస్తాయి. ఆరు వారాలకోసారి గ్రూమింగ్‌కి 1,500 (నా కటింగ్ 120 రూపాయలు). రెండేళ్లు భరించి, తర్వాత 2,400 పెట్టి ట్రిమ్మర్ కొని నేనే మొదలుపెట్టాను. మొదటిసారి నా చేతిలో పడ్డాక వాడు గజ్జి పట్టిన కుక్కలా తయారై రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. ఇప్పుడు పర్లేదు. ఒకటే జాగ్రత్త, చర్మం కనపడేలా గొరగొద్దు, ఎండకి కాలిపోతుంది.

ఎండ అంటే గుర్తొచ్చింది, మాది విజయవాడ. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకోవాలి, దీనికేమో ముక్కు మొహంలోకి నొక్కేసినట్టుంటుంది, రొప్పినా ఊపిరి సరిగా ఆడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగలంతా ఏసీ వెయ్యాల్సిందే. కరెంటు బిల్లు 1,800 వచ్చేది ఆ మూడు నెలలూ 4,500 వస్తుంది. ఈ లెక్క మాకు కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

మూడో ఏట కన్ను. గుడ్లు బయటికి ఉబ్బి ఉంటాయి కాబట్టి ఏది తగిలినా ముందు కంటికే. ఎర్రబడితే దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లాం, పైపైన చూసి స్టెరాయిడ్ చుక్కలు రాసిచ్చారు. నాలుగు రోజులకి కనుగుడ్డు మీద తెల్లటి పొర. ఇంకో డాక్టరుగారు కంట్లో రంగు వేసి చూస్తే కార్నియాకి, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొరకి, పుండు పడింది, పుండుంటే స్టెరాయిడ్ అసలు వెయ్యకూడదట. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్: గంటకోసారి చుక్కలు, మెడకి ప్లాస్టిక్ కాలర్, రాత్రిళ్లు మా ఆవిడా నేనూ వంతులు. మూడు వారాలు పట్టింది, 7 వేలయింది, కన్ను దక్కింది. కన్ను ఎర్రబడితే రంగు వేసి చూడమని మీరే అడగండి, మొహమాటపడొద్దు.

పళ్లు కూడా అంతే. చిన్న నోట్లో అన్ని పళ్లూ ఇరుక్కుని ఉండటంతో గార త్వరగా పడుతుంది. ఐదో ఏట మత్తిచ్చి క్లీనింగ్ చేసి నాలుగు పళ్లు తీసేశారు, ముందు చేసే రక్తపరీక్షతో కలిపి 9 వేలు. రోజూ బ్రష్ చేయించి ఉంటే ఇంత అయ్యేది కాదేమో. గోమార్ల జ్వరం ఒకసారి వచ్చింది, ప్లేట్‌లెట్లు పడిపోయి నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడాం. అప్పట్నుంచి గోమార్లకి నెలనెలా నమిలే మాత్ర, 900. అది మాత్రం మానను.

టీకాలకీ నులిపురుగుల మందుకీ ఏడాదికి 4 వేలు. జులై 6న, అంటే 1885లో పాశ్చర్ మొదటిసారి మనిషికి రేబిస్ టీకా వేయించిన రోజున, ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మేము రెండుసార్లు అక్కడే వేయించాం, పొద్దున్నే వెళ్తే రద్దీ ఉండదు.

ఊరెళ్తే బోర్డింగ్ రోజుకి 700, సంక్రాంతికైతే ఇంకా ఎక్కువ. రైల్లో తీసుకెళ్దామంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదంటే గార్డు బోగీలోని డాగ్ బాక్స్‌లో వెయ్యాలి. ఈ మొహానికి డాగ్ బాక్స్ ఎలా కుదురుతుంది?

మా ఆవిడ అన్నీ నోట్‌బుక్‌లో రాస్తుంది. కొన్న ధర కాకుండా ఆరేళ్లకి దాదాపు 3 లక్షల 20 వేలు. అందులో తిండి 1 లక్షా 30 వేలే, మిగతాదాంట్లో దాదాపు సగం ఆ జుట్టుకీ ఆ మొహానికీ ఆ నోటికీ పోయింది. తెనాలిలో మా అక్కావాళ్లకి తెల్ల స్పిట్జ్ ఉంది, మనవైపు అందరూ పమేరియన్ అనేవాటిల్లో చాలావరకు ఇవే. మూతి పొడుగ్గా ఉంటుంది, ఫ్యాను కింద పడుకుంటుంది, పెరుగన్నం తింటుంది, వాళ్ల ఖర్చు మాదాంట్లో మూడో వంతు కూడా లేదు. కాకపోతే గేటు దగ్గర పిల్లి కదిలినా వీధంతా లేస్తుంది, బూరె ఆరేళ్లలో గట్టిగా మొరిగింది పదిసార్లు కూడా ఉండదు.

మళ్లీ కొంటే షిట్జూ కొనను, కనీసం విజయవాడలో ఉన్నంతకాలం. వీడు ఇంకో ఏడెనిమిదేళ్లయినా ఉంటాడని డాక్టరుగారు అన్నారు, అందుకని నెలకి 1,500 చొప్పున వీడి పేరు చెప్పి ఆర్‌డీ మొదలుపెట్టాం. వచ్చే నెల మళ్లీ పళ్ల క్లీనింగ్ ఉంది.