సెకండ్ హ్యాండ్ పికప్ టైర్ల అరుగుదల పట్టుకోవడానికి ట్రెడ్ డెప్త్ గేజ్: చాలాకాలం వాడాక నా సమీక్ష

పాత పికప్‌కి ముందు టైరు ఒక అంచున అరిగితే చాలామంది నేరుగా అలైన్‌మెంట్ షాపుకే తీసుకెళ్తారు. అక్కడ టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సరిచేసి కాగితం చేతిలో పెడతారు. చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటో, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండో లూజుగా ఉంటే ఆ కొలతలు మొదటి గుంత దాకానే. జబ్బేమిటో ముందే తేల్చుకోవడానికి టైరు గాడుల లోతు కొలిచే, కొన్ని వందల రూపాయల ఈ ట్రెడ్ డెప్త్ గేజ్ చాలు. దీన్ని వాడే పద్ధతి మాత్రం తెలిసి ఉండాలి.

ఒక్కో టైరుకి ఒక్క కొలత తీసుకుంటే ఏమీ తెలియదు. బయటి గాడి, మధ్య గాడి, లోపలి గాడి కొలవాలి. టైరును పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల అలాగే చేయాలి. అంటే టైరుకి పన్నెండు అంకెలు. బయట 6.2, మధ్య 6.4, లోపల 4.1 మి.మీ. అని చుట్టూ ఒకేలా వస్తే టో, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకి వాలి ఉండటం) వైపు చూడాలి. అదే లోపలి గాడిలో ఒకచోట 5.5, పావు చుట్టు తర్వాత 4.2, మళ్లీ 5.4 అని ఎగుడుదిగుడుగా వస్తే షాకబ్జర్లు, వీల్ బేరింగ్, బ్యాలెన్సింగ్ చూడాలి. అలైన్‌మెంట్‌తో అది తగ్గదు. చుట్టూ తిప్పి కొలవకపోతే ఈ రెండిటి తేడా అంకెల్లో కనపడనే కనపడదు.

గేజ్ చెప్పలేనిది అరచేయి చెబుతుంది. టైరు లోపలి ఉక్కు తీగలు బయటపడలేదని చూసుకుని, టైరు మీద బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి బయటికి నిమరండి. లోపలికి వెళ్తుంటే నున్నగా, బయటికి వస్తుంటే గరుగ్గా తగిలితే టో-ఇన్ ఎక్కువైంది. దానికి తిరగబడి ఉంటే టో-అవుట్. గరుకు ఏ వైపూ లేకుండా ఒక అంచే నున్నగా అరిగితే క్యాంబర్ మీద అనుమానం.

ఆ తర్వాత జాకీ. కాయిల్ స్ప్రింగ్ గానీ టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) గానీ కింది ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేయి) మీద పనిచేసే బండ్లకు జాకీని ఆ ఆర్మ్ కిందే పెట్టాలి. ఛాసిస్‌కి పెడితే బాల్ జాయింట్ బిగుసుకుని ఉండి లూజు బయటపడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. ఆట ఆగితే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. పక్కలకు పట్టుకున్నప్పుడు మాత్రమే ఆడితే టై రాడ్ ఎండ్ లేదా స్టీరింగ్ లింకులు. ఆర్మ్ బుష్‌లు పగిలాయేమో టార్చి వేసి చూడండి. ఇవన్నీ బాగుచేయించాకే అలైన్‌మెంట్.

వెనక టైర్ల లెక్క వేరు. మధ్యలో అరిగి అంచులు మిగిలాయంటే సాధారణంగా ఫుల్ లోడు గాలితో ఖాళీగా తిప్పారని. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఖాళీకి, లోడుకి వేర్వేరు గాలి ఉంటే దాన్ని పాటించాలి, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు. కమాన్ కట్టల మీద నిలిచే గట్టి యాక్సిల్‌కి టో, క్యాంబర్ సర్దే వీలుండదు, మామూలుగా ఒక అంచే అరగదు కూడా. కాబట్టి వెనక టైరు ఒక అంచున అరిగి ఉంటే అది అంతకుముందు ముందు చక్రానికి ఉండేదేమో అనుకోండి. బండి కొనేటప్పుడు నాకు అన్నిటికన్నా పనికొచ్చే ఆనవాలు ఇదే. టైరు పక్కన ముద్రించిన తేదీ కూడా చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. ముందు రెండే కొత్తవైతే ఎందుకు మార్చారో అడగాలి. స్టెప్నీని కూడా దించి కొలవండి, మార్చేసిన పాత టైరు చాలాసార్లు అక్కడే ఉంటుంది. టైరు మార్చకుండానే వెనక అరుగుదల వంకరగా వస్తుంటే కమాన్ కట్టల సెంటర్ బోల్టు విరిగిందా, కట్టలను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు వదులయ్యాయా, అధిక లోడుతో యాక్సిల్ హౌసింగ్ వంగిందా అని చూడాలి.

ఇక గేజ్ లోపాలు. డిజిటల్‌ది 0.01 మి.మీ. వరకు చూపిస్తుంది కానీ అదే గాడిని మళ్లీ కొలిస్తే 0.1, 0.2 తేడా వస్తుంది, రెండో దశాంశాన్ని నమ్మొద్దు. ప్రతిసారీ గాజు పలక మీద సున్నా చేసుకోవాలి. గాడిలో రాయి ఉన్నా, గేజ్ మొన గాడి అడుగున 1.6 మి.మీ. ఎత్తుండే అరుగుదల గుర్తు మీద పడినా తప్పు అంకె వస్తుంది. పెద్ద లోపం ఇంకొకటి: మట్టిదారులకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లలో చిట్టచివరి బ్లాకుల దగ్గర కొలవడానికి టైరు చుట్టూ సాగే గాడే ఉండదు. అంచు మాత్రమే అరిగే మొదటి దశను గేజ్ పట్టుకోలేదు, అక్కడ చేతినే నమ్మాలి.

అలైన్‌మెంట్ అయ్యాక పాత తేడా మాయం కాదు, అది పెరుగుతోందా అన్నదే చూడాలి. మామూలు అరుగుదల వెయ్యి కిలోమీటర్లకు 0.15 మి.మీ. అటూ ఇటూ, అంటే గేజ్ పొరపాటంతే. కనీసం 4,000 కి.మీ. తిరిగాక, రొటేషన్ (టైర్ల చోట్లు మార్చడం) చేయకముందే, అవే చోట్ల కొలవండి. బయటి, లోపలి గాడుల మధ్య 2.1 తేడా 2.2 దగ్గరే ఉంటే జబ్బు నయమైంది. 2.8 అయితే మళ్లీ జాకీ ఎత్తాల్సిందే.

కొనేవాళ్లకు నా మాట: బండిలో పెట్టుకోవడానికి బ్యాటరీ అక్కర్లేని పెన్ను రకం చాలు. పన్నెండు అంకెలు రాసుకునే ఓపిక ఉన్నవాళ్లు డిజిటల్ తీసుకోండి, వాడనప్పుడు దాని బటన్ సెల్ తీసి పెట్టండి.