మూత్రంలో మంట తిరగబెడుతుంటే: మళ్లీ అదే యాంటీబయాటిక్ కోర్సా, ముందు కల్చర్ పరీక్షా?

కర్నూలులో మేము నడిపే మందుల దుకాణానికి వచ్చే మగవారిలో కొందరు, పక్కన ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించి అడిగే మాట దాదాపు ఒకటే. మూత్రంలో మంట, పొత్తికడుపులో బరువు, వృషణాల వెనుక నొప్పి మాత్రలతో తగ్గి, మానగానే తిరగబెడుతున్నాయి. శాశ్వతంగా పోయే మందు లేదా అని. వారి ముందున్న దారులు రెండు: పాత చీటీ మీద అదే యాంటీబయాటిక్‌ను మరో ఐదు రోజులు వాడడం, లేదా ఒక్క మాత్ర కూడా వేసుకోకముందే మూత్రం కల్చర్‌కు (అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్షకు) ఇచ్చి, మూత్రవ్యవస్థ వైద్యుడైన యూరాలజిస్టును కలవడం.

మొదటి దారి చౌక, పనికి సెలవు పెట్టనక్కరలేదు, ఎవరికీ చెప్పుకోనక్కరలేదు. ఉపశమనం కూడా కలగవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. నెలల తరబడి ఇలాంటి బాధ పడుతూ, ప్రోస్టేట్ గ్రంథి (మగవారిలో మూత్రాశయం కింద ఉండేది) వాపుగా నిర్ధారణ అయిన వారిలో సుమారు 90 శాతం మందికి పరీక్షలలో బాక్టీరియా దొరకదు. వారి బాధ సహజంగానే కొన్నాళ్లు తగ్గి కొన్నాళ్లు పెరుగుతుంది, ఆ తగ్గుదలను మాత్రల ఖాతాలో వేసుకుంటాము. మిగిలిన కొద్దిమందిలో క్రిమి నిజంగానే గ్రంథిలో తిష్ఠ వేసి ఉంటుంది. అక్కడికి అన్ని మందులూ చేరవు: మూత్రాశయంలో బాగా పనిచేసే నైట్రోఫ్యూరాంటోయిన్ ప్రోస్టేట్‌లోకి తగినంతగా వెళ్లదు, వెళ్లగలిగే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్‌లనైనా సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు వాడవలసి ఉంటుంది. అంటే ఐదు రోజుల కోర్సు ఒకరికి అనవసరం, మరొకరికి చాలదు.

మీరు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతారో తేల్చడానికి మొదటి మెట్టు కల్చర్ పరీక్షే. అందువల్ల నా దృష్టిలో అసలు నిర్ణయాంశం మందు పేరు కాదు, మూత్రం ఇచ్చిన సమయం. రెండు మాత్రలు మింగి వెళితే క్రిమి అణగిపోయి రిపోర్టులో ఏమీ పెరగలేదని రావచ్చు, ఆపైన వైద్యుడు చీకట్లో తడుముకోవలసిందే. మూత్రంలో చీము కణాలు ఉండి కల్చర్‌లో ఏదీ పెరగకపోతే మూత్రవ్యవస్థకు సోకే క్షయనూ అనుమానించాలి. లెవోఫ్లాక్సాసిన్ వంటివి క్షయ క్రిమిని కొంత అణచి, నిర్ధారణను ఆలస్యం చేస్తాయి. కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు దెబ్బతినే ప్రమాదం కూడా ఈ మందులకు ఉంది.

క్రిమి లేదని తేలినవారికి మూత్రం సాఫీగా వచ్చేలా ప్రోస్టేట్ దగ్గరి కండరాలను వదులు చేసే టామ్సులోసిన్ వంటి మందులు, బిగుసుకుపోయిన కటి కండరాలను సడలించే ఫిజియోథెరపీ, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం మానుకోవడం కలిసి మేలు చేయవచ్చు. అందుకు నెలలు పట్టవచ్చు; ఒకే మాత్రతో శాశ్వతంగా పోతుందని నేను ఎవరికీ చెప్పను. షుగరు, రాళ్లు, మూత్రనాళం సన్నబడడం, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవడం వంటివి ఉంటే అవి సరికానంత వరకు బాధ తిరగబెడుతూనే ఉంటుంది కనుక స్కానింగు, షుగరు పరీక్ష ఈ దారిలో భాగమే. మన పెద్దాసుపత్రిలోనే యూరాలజీ విభాగం ఉంది.

మూత్రద్వారం నుంచి స్రావం కనిపిస్తే మామూలు కల్చర్ చాలదు, లైంగికంగా సోకే క్లమీడియా అనే క్రిమి అందులో పెరగదు. సుఖవ్యాధులకు చికిత్స చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లో ఉచితంగా చూస్తారు, భార్యకు కూడా చికిత్స జరగాలి.

వేడి చేసిందని తాగే సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లతో నష్టం లేదు, ఎండల్లో నీళ్లు ఎక్కువ తాగడం ఎలాగూ మంచిదే. గోడల మీద గుప్తరోగాల ప్రకటనలు అంటించి లాడ్జి గదుల్లో చూసేవారి గురించి రాయడానికి ఏమీ లేదు.

చలితో జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ నమూనా తీసుకుని వెంటనే మందు మొదలుపెడతారు. మిగిలినవారు మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టి, రెండు గంటలలోపు అందజేస్తే చాలు.