లూయిస్, హారిసా? యూయిస్ట్, బారానా? ముందు ఆదివారం సంగతి తేల్చుకోండి

గ్లాస్గో, ఎడిన్‌బరోల్లో ఉండే మనవాళ్లు స్కాట్లండ్‌లో చాలా దూరం తిరిగొచ్చామంటే అది మామూలుగా స్కై దీవి దాకానే. ఆ దీవి కొసన ఉన్న ఊయిగ్ రేవులో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే గంటా నలభై నిమిషాల్లో ఔటర్ హెబ్రిడీస్. ఉత్తరం నుంచి దక్షిణానికి 200 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న దీవులివి. అన్నీ కలిపినా జనాభా 26 వేలు, అంటే మన దగ్గర ఒక మండలమంత కూడా లేదు. 2022 జనాభా లెక్కల్లో అక్కడ గాలిక్ మాట్లాడేవాళ్లు 45 శాతం. 2011లో 52 శాతం ఉండేవాళ్లు. (స్కాట్లండ్‌లో ఈ భాషను గాలిక్ అనే అనాలి. గేలిక్ అంటే ఐర్లండ్ వాళ్లదనుకుంటారు.)

అయిదు రోజుల సెలవులో ఈ దీవులన్నీ చుట్టేయొచ్చని చెప్పేవాళ్లుంటారు. వినకండి. రోడ్లు చాలాచోట్ల ఒక్క కారు పట్టేవే. ఎదురుగా బండి వస్తే పక్కనున్న కాస్త జాగాలోకి జరిగి, చెయ్యి ఊపి, మళ్లీ కదలాలి. హారిస్ నుంచి యూయిస్ట్ వైపు దాటాలంటే ఇంకో గంట ఫెర్రీ. కాబట్టి ఉత్తరాన లూయిస్, హారిస్ అయినా ఎంచుకోవాలి, దక్షిణాన యూయిస్ట్, బారా అయినా ఎంచుకోవాలి. అందరూ బీచ్ ఫొటోలు చూసి నిర్ణయించుకుంటారు. ఫొటోల్లో రెండు వైపులా ఒకటే తెల్లటి ఇసుక, ఒకటే పచ్చ నీలం నీళ్లు. నన్నడిగితే మీ ఆదివారం ఎక్కడ గడుస్తుందో చూసుకోండి.

లూయిస్ పట్టుదల గల ప్రొటెస్టెంట్ల నేల. ఆదివారమంటే అక్కడ నిజంగానే విశ్రాంతి దినం. లూయిస్‌లోని పెద్ద ఊరు స్టోర్నోవే నుంచి ఆదివారం ఫెర్రీ నడవడం 2009లో గానీ మొదలవలేదు, అదీ పెద్ద గొడవ జరిగాక. 2024 నవంబరులో ఊళ్లో ఒక సూపర్ మార్కెట్ ఆదివారం తలుపులు తీయడం కూడా వార్తే అయింది. పిల్లలతో వెళ్లి ఆ రోజు స్టోర్నోవేకి దూరంగా ఇరుక్కుంటే పాలకూ బ్రెడ్‌కూ ముందురోజే చూసుకోవాలి. కానీ ఆ నిశ్శబ్దంలోనే గాలిక్ ప్రార్థన వినొచ్చు. వాయిద్యాలేమీ ఉండవు. ఒకాయన కీర్తనలో ఒక చరణం ఎత్తుకుంటాడు, మన భజనలో లాగా మిగతావాళ్లు అందుకుంటారు. అయితే ఎవరి లాగుడు వాళ్లది, ఎవరి గమకం వాళ్లది. గొంతులన్నీ అలల్లా ఒకదాని మీదొకటి వచ్చిపడతాయి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఒళ్లు జలదరిస్తుంది.

పాతకాలపు వైభవం చూద్దామనుకుంటే ఉత్తరానికే నా ఓటు. కలనిష్ రాళ్లు నిలబెట్టి దాదాపు 5,000 ఏళ్లయింది. ఆ రాయి వయసే దాదాపు 300 కోట్ల ఏళ్లు. ఆర్నోల్ ఊళ్లో మ్యూజియంలా కాపాడుతున్న పాతకాలపు 42వ నంబరు ఇంటికి తప్పకుండా వెళ్లండి. మందపాటి రాతి గోడలు, గడ్డి కప్పు, చిమ్నీ లేదు. మధ్యలో నేల మీద పీట్ నిప్పు. పీట్ అంటే బురద నేల నుంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన మట్టి, పిడకల్లాగే పేర్చుకుంటారు. పొగ కప్పులోంచే మెల్లగా పోవాలి. మసిపట్టిన ఆ గడ్డిని తర్వాత పొలానికి ఎరువుగా వేసేవాళ్లు. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండేవాళ్లు. బయటికొచ్చాక రెండు రోజులు నా స్వెటర్ ఆ వాసనే వేసింది.

హారిస్ ట్వీడ్ అనే ఉన్నిబట్ట నేసేవాళ్లు ఎక్కువమంది ఉన్నదీ లూయిస్‌లోనే. ఈ దీవుల్లోనే రంగులద్ది వడికిన ఉన్నితో, దీవుల వాళ్లు తమ ఇంట్లోనే నేస్తే తప్ప ఆ పేరు పెట్టకూడదని 1993లో ఏకంగా పార్లమెంటు చట్టమే చేసింది. ఇంటి పక్క షెడ్డులో మగ్గం, దానికి కరెంటు లేదు, సైకిల్‌లా కాళ్లతో తొక్కడమే. నూలు మిల్లు నుంచి వస్తుంది, బట్ట మళ్లీ మిల్లుకే పోతుంది. పోచంపల్లి వాళ్లకు ఈ లెక్క వివరించక్కర్లేదు.

మనకు ఇంకో సొంత కారణం కూడా ఉంది. మన ఊళ్ల కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, రాయించిన కాలిన్ మెకంజీ పుట్టింది స్టోర్నోవేలోనే, 1754 ప్రాంతంలో. 1797లో అమరావతి బౌద్ధ స్తూపం దిబ్బను చూసి దాని గురించి రాసింది ఆయనే. ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లేకపోతే ఆయనకు మన శాసనాలు అందేవే కావు, అది వేరే సంగతి. ఆ రేవులో నిలబడి, ఇక్కడి పిల్లాడు మన అమరావతి దాకా ఎలా వచ్చాడబ్బా అనుకున్నాను.

ఇంత చెప్పీ, జూన్‌లో పిల్లలతో అయితే దక్షిణానికే పొమ్మంటాను. బెర్నరే నుంచి ఎరిస్కే దాకా దీవులన్నిటినీ రాతికట్టల మీద వేసిన రోడ్లు కలుపుతాయి. ఎరిస్కే కట్ట 2001లో వచ్చింది. అక్కణ్నుంచి 40 నిమిషాల ఫెర్రీలో బారా. పడమటి ఒడ్డు పొడవునా మఖర్ అనే నేల ఉంటుంది. గవ్వల పొడి కలిసిన ఇసుకను వేల ఏళ్లుగా గాలి మోసుకొచ్చి పోస్తే ఏర్పడింది. దానికి సముద్రపు నాచు ఎరువుగా వేసి ఓట్స్, రై, బార్లీ పండిస్తారు. వేసవిలో అదంతా పూలే. గడ్డిలో కార్న్‌క్రేక్ పిట్ట అరుస్తుంది, దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టు. వినిపిస్తుంది గానీ కనిపించదు.

ఉత్తర యూయిస్ట్ ప్రొటెస్టెంట్లదే. దక్షిణ యూయిస్ట్, ఎరిస్కే, బారా మాత్రం క్యాథలిక్కులవి. రోడ్డు పక్కన మరియమ్మ గూళ్లు కనిపిస్తాయి, మన పొలిమేరల్లో అమ్మవారి గుళ్లలాగా. ఆదివారం పూజ అయ్యాక ఎవరి సరదా వాళ్లది, అడిగేవాళ్లుండరు.

బారా విమానాశ్రయం సంగతి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. రన్‌వే అంటే ట్రాయ్ వోర్ బీచే. పోటు వస్తే రన్‌వే నీళ్లలో ఉంటుంది, అందుకే విమానాల వేళలు సముద్రాన్ని బట్టి మారతాయి. గ్లాస్గో నుంచి ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం వచ్చి తడి ఇసుక మీద నీళ్లు చిమ్ముకుంటూ దిగుతుంది. గాలి దిశ చూపే గుడ్డ గొట్టం ఎగురుతున్నంతసేపూ ఇసుకలోకి దిగకూడదు. అది దించేశాక అదే చోట గవ్వలు ఏరుకోవచ్చు.

గాలిక్ రెండు వైపులా వినిపిస్తుంది. కొత్తవాళ్లు కనిపించగానే ఇంగ్లిష్‌లోకి మారిపోవడమూ రెండు వైపులా ఉంది. రెండు మాటలు నేర్చుకుని వెళ్లండి. పెద్దవాళ్లకు థ్యాంక్స్ చెప్పాలంటే 'తాపా లేవ్', పిల్లలకైతే 'తాపా లెత్'. మీరు, నువ్వు తేడా మనకు కొత్త కాదు కదా. దుకాణంలో 'లేవ్' అన్నందుకు ఒకావిడ నాతో గాలిక్‌లో గడగడా మాట్లాడేసింది. నవ్వడం తప్ప ఏం చేస్తాం.

వానాకాలం, చలికాలం అయితే మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు స్టోర్నోవే మేలు. మ్యూజియం, కెఫెలు, తల దాచుకోవడానికి కాస్త ఊరంటూ ఉంది. దక్షిణాన అంతా ఆరుబయటే.

ఎటు వెళ్లినా ముందు ఫెర్రీ బుక్ చేసుకోండి, గది తర్వాత. ఒక రోజు సెలవు చేతిలో ఉంచుకోండి. గాలి ఎక్కువైతే పడవలు కదలవు. మేము బారాలో ఒక రోజు అదనంగా ఉండిపోయాం, కాసిల్‌బే నీళ్ల మధ్యలో ఉన్న కిసిముల్ కోట వైపు చూస్తూ, మిగిలిన ఆవకాయ, బ్రెడ్ తింటూ. ఫెర్రీ క్యాన్సిల్ అయిందని హైదరాబాద్‌లో ఉన్న మా టీమ్ లీడ్‌కు ఫోన్ చేస్తే, "పోనీ బస్సుకు వచ్చెయ్యకూడదా?" అన్నాడు.