ప్రాక్స్‌మాక్స్‌లో వీల్యాన్ ట్యాగ్ ఎక్కడ ఉంటే మేలు: వీఎంలోనా, బ్రిడ్జిలోనా, ఎస్‌డీఎన్‌లోనా?

ప్రాక్స్‌మాక్స్ వీఈ అంటే ఒక సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే సాఫ్ట్‌వేర్. అందులో ఒక వీఎంను వీల్యాన్‌లో (నంబరుతో విడదీసిన నెట్‌వర్క్‌లో) చేర్చడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా అంతా వీల్యాన్ నంబరు ఎక్కడ రాసి ఉందన్న దగ్గరే. వీఎం కాన్ఫిగ్‌లో రాస్తే అది టెంప్లేట్‌లోకీ (నకళ్లు తీయడానికి వాడే మూస వీఎం), అందులోంచి తీసిన ప్రతి క్లోన్‌లోకీ నకలవుతుంది. క్లోన్‌కు మ్యాక్ అడ్రస్ కొత్తది వస్తుంది కానీ బ్రిడ్జి (సర్వర్‌లోని వర్చువల్ స్విచ్) పేరు, ట్యాగ్ (వీల్యాన్ నంబరు) పాతవే ఉంటాయి. ఆ తర్వాత టెంప్లేట్‌ను దిద్దినా ఇదివరకటి క్లోన్లు మారవు. లింక్డ్ క్లోన్ పంచుకునేది డిస్కునే, నెట్‌వర్క్ లైనును కాదు.

లెక్క కోసం 3 నోడ్ల (సర్వర్ల) క్లస్టర్, 4 వీల్యాన్లు, 5 టెంప్లేట్లు, 60 వీఎంలు అనుకుందాం. నెట్‌వర్క్ వాళ్లు వీల్యాన్ 20ని 120గా మారుస్తున్నామన్నారు. ఏ పద్ధతిలో ఎంత పని పడుతుంది?

మొదటిది, వీల్యాన్ అవేర్ బ్రిడ్జి. ప్రతి నోడ్‌లో వీఎంబీఆర్0 అనే బ్రిడ్జి ఒక్కటే ఉంటుంది. దానికి వీల్యాన్ అవేర్ టిక్కు పెట్టి, వీఎం నెట్‌వర్క్ కార్డులో ట్యాగ్ 20 అని వేస్తాం. పది నిమిషాల్లో అయిపోతుంది. ఒకే సర్వర్ ఉన్నవాళ్లు ఇంతకు మించి వెతుక్కోనక్కర్లేదు. కానీ నంబరు మారిన రోజు ఆ వీల్యాన్‌లోని ప్రతి వీఎంనూ, దాన్ని వాడే ప్రతి టెంప్లేట్‌నూ విడివిడిగా దిద్దాలి. స్క్రిప్టు రాసి క్యూఎం సెట్ కమాండ్‌తో ఒక్క దెబ్బకు మార్చేద్దామనుకునేవాళ్లు చాలామంది పడే గుంట ఒకటుంది: ఆ కమాండ్‌కు నెట్0 (వీఎం మొదటి నెట్‌వర్క్ కార్డు లైను) విలువ మొత్తం ఇవ్వాలి. అందులో పాత మ్యాక్ అడ్రస్ రాయకపోతే ప్రాక్స్‌మాక్స్ కొత్తది పుట్టిస్తుంది. దాంతో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (మ్యాక్‌ను బట్టి కేటాయించిన ఐపీ) పోతుంది. గెస్ట్‌లో (వీఎం లోపలి ఓఎస్‌లో) నెట్‌వర్క్‌ను అమర్చే నెట్‌ప్లాన్ మ్యాక్‌ను బట్టి కార్డును గుర్తుపడుతుంటే కార్డు అసలు పనే చేయదు. కాబట్టి స్క్రిప్టు ముందు పాత లైను చదవాలి, అందులో ట్యాగ్ ఒక్కటే మార్చి తిరిగి రాయాలి.

ఇంకొకటి. వీల్యాన్ అవేర్ పెట్టగానే బ్రిడ్జి 2 నుంచి 4094 దాకా అన్ని వీల్యాన్లనూ కార్డు మీద తెరవబోతుంది. కొన్ని మెలనాక్స్ కార్డుల హార్డ్‌వేర్ ఫిల్టర్‌లో అన్నింటికీ చోటుండదు. అప్పుడు బ్రిడ్జి విడ్స్ లైనులో మీకు కావలసిన నంబర్లే రాయండి.

రెండోది, వీల్యాన్‌కో బ్రిడ్జి. ఈఎన్‌ఓ1.20 (ఈఎన్‌ఓ1 అనే ఫిజికల్ కార్డు మీది వీల్యాన్ 20) మీద వీఎంబీఆర్20, ఇలా ఒక్కొక్కటీ. వీఎంలో ట్యాగ్ ఉండదు కాబట్టి నంబరు మారితే వీఎంలనూ టెంప్లేట్లనూ ముట్టుకోనక్కర్లేదు. అయితే 4 వీల్యాన్లు, 3 నోడ్లు అంటే చేత్తో రాసిన 12 బ్రిడ్జిలు. ఒక నోడ్‌లో బ్రిడ్జి లేకపోతే లైవ్ మైగ్రేషన్ (నడుస్తుండగానే వీఎంను వేరే నోడ్‌కు మార్చడం) ఆగి ఎర్రర్ ఇస్తుంది, అది నయం. అదే పేరుతో బ్రిడ్జి ఉండి కింద తప్పు వీల్యాన్ తగిలి ఉంటే మైగ్రేషన్ సజావుగా పూర్తవుతుంది, వీఎం మాత్రం వేరే నెట్‌వర్క్‌లో తేలుతుంది. లాగ్‌లో ఏమీ కనిపించదు. పైగా బ్రిడ్జి మార్చాక నెట్‌వర్కింగ్ సర్వీసును రీస్టార్ట్ చేశారో, నడుస్తున్న వీఎంల ట్యాప్‌లు (వర్చువల్ కేబుళ్లు) బ్రిడ్జి నుంచి ఊడిపోతాయి. ఇఫ్‌రీలోడ్ వాడాలి, లేదా వెబ్ పేజీలోని అప్లై కాన్ఫిగరేషన్ బటన్ నొక్కాలి. డీఎంజెడ్‌కు (ఇంటర్నెట్‌కు తెరిచిన సర్వర్ల నెట్‌వర్క్) విడిగా కేబుల్, విడిగా కార్డు ఉన్నచోట ఈ పద్ధతి సరైనదే. మిగతాచోట్ల దీన్ని కొత్తగా మొదలుపెట్టడానికి కారణం కనిపించదు.

మూడోది ఎస్‌డీఎన్, అంటే క్లస్టర్ మొత్తానికీ నెట్‌వర్క్‌లను ఒకేచోట నిర్వచించే సదుపాయం. 2023 నవంబరులో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి ఇది డిఫాల్ట్‌గానే ఇన్‌స్టాల్ అవుతోంది. డేటాసెంటర్ కింద ఎస్‌డీఎన్‌లో వీల్యాన్ రకం జోన్ ఒకటి చేసి, దానికి వీఎంబీఆర్0ను చూపండి. అందులో వీనెట్ (వర్చువల్ నెట్‌వర్క్) చేసి ట్యాగ్ 20 ఇచ్చి, ఎస్‌డీఎన్ ప్రధాన పేజీలో అప్లై నొక్కండి. ఇది మరిచిపోతే వీనెట్ జాబితాలో కనబడుతుంది కానీ నోడ్ల మీద పుట్టదు. ఇక వీఎంలోనూ టెంప్లేట్‌లోనూ బ్రిడ్జి స్థానంలో వీనెట్ పేరు ఒక్కటే ఉంటుంది. 20 కాస్తా 120 అయితే వీనెట్‌లో ఒక్కచోట మార్చి అప్లై కొడితే మూడు నోడ్లకూ చేరుతుంది. ఫిజికల్ స్విచ్‌లో నోడ్లు తగిలిన మూడు ట్రంక్ పోర్టులకూ (చాలా వీల్యాన్లను మోసే పోర్టులు) 120ని ముందే అనుమతించి ఉండాలి సుమా.

పేరు విషయంలో తొందరపడకండి. వీనెట్ ఐడీకి 8 అక్షరాలే హద్దు, పెట్టాక మార్చలేరు. వీల్యాన్20 అన్న అర్థంలో ఐడీ పెడితే రేపు అందులో 120 నడుస్తుంటుంది, కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడతారు. అకౌంట్స్, టెస్ట్, డీఎంజెడ్ లాంటి పని పేర్లు పెట్టండి. వివరంగా రాయాలంటే అలియాస్ ఉంది.

ఎస్‌డీఎన్‌లో అసలు ప్రమాదం మేనేజ్‌మెంట్ వీల్యాన్‌తో వస్తుంది. నోడ్ ఐపీ వీఎంబీఆర్0.10 మీద ఉండగా ట్యాగ్ 10తో వీనెట్ చేస్తే, ఆ ఇంటర్‌ఫేస్‌నే వీనెట్ తన పోర్టుగా లాగేసుకుంటుంది, నోడ్‌తో సంబంధం తెగుతుంది. మేనేజ్‌మెంట్, కోరోసింక్ (నోడ్లు తమలో తాము మాట్లాడుకునే సర్వీసు) వీల్యాన్లను వీనెట్లుగా చేయకండి.

క్లస్టర్, టెంప్లేట్లు రెండూ ఉంటే మూడోదే మేలు. అనుమతుల పరంగానూ సుఖం: ఒక టీమ్‌కు ఒక వీనెట్ మీద మాత్రమే ఎస్‌డీఎన్ యూజ్ హక్కు ఇవ్వొచ్చు.

మొదటి పద్ధతి నుంచి మారడం కష్టమేం కాదు. అదే ట్యాగ్‌తో వీనెట్ చేస్తే పాత వీఎంలూ కొత్తవీ ఒకే వీల్యాన్‌లో మాట్లాడుకుంటాయి కాబట్టి ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. ముందు టెంప్లేట్లు మార్చండి, లేకుంటే రేపటి క్లోన్ మళ్లీ పాత లైనుతోనే వస్తుంది. అదే చేత్తో టెంప్లేట్‌లోని క్లౌడ్ ఇనిట్ (క్లోన్ మొదటిసారి లేచినప్పుడు సెట్టింగులు వేసేది) ఐపీని డీహెచ్‌సీపీకి మార్చండి. స్థిర ఐపీ ఉంటే అదీ నకలవుతుంది. ఉబుంటు టెంప్లేట్ అయితే మెషీన్ ఐడీ ఫైలును ఖాళీ చేయండి. అలా చేయకపోతే మ్యాక్ వేరైనా క్లోన్లన్నీ డీహెచ్‌సీపీకి ఒకే గుర్తింపు చూపి ఒకే ఐపీ తెచ్చుకోవచ్చు.

పాత బ్రిడ్జిని తీసేసేముందు అన్ని నోడ్ల క్యూఈఎంయూ (వీఎం), ఎల్ఎక్స్‌సీ (కంటెయినర్) కాన్ఫిగ్ ఫైళ్లలో దాని పేరు కోసం గ్రెప్ కమాండ్‌తో వెతకండి. స్నాప్‌షాట్ల విభాగాల్లో కూడా నెట్0 లైను ఉంటుంది. రోల్‌బ్యాక్ చేసినా, పాత బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసినా ఆ పాత బ్రిడ్జి పేరే తిరిగొస్తుంది, ఆ బ్రిడ్జి లేకపోతే వీఎం స్టార్ట్ కాదు.