డిజికామ్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఇంటి ఫొటోలు సర్దుకోవడానికి ఏం వాడాలని ఎవరడిగినా నేను డిజికామ్ పేరే చెప్తాను. కేడీఈ అనే స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ బృందం వాళ్ల ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ నడుస్తుంది. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో కొత్తగా ఎక్కించేవన్నీ 15 జీబీ లెక్కలోకి వచ్చాయి కదా, మా ఫొటోలు అప్పుడే ఇటు మళ్లాయి.

మనం పెట్టిన ట్యాగులు, పేర్లు, వివరాలు ఫొటో ఫైల్లోనే రాసి పెట్టగలగడం దీని అసలు బలం. రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మారినా పడ్డ శ్రమ ఎక్కడికీ పోదు. సెట్టింగ్స్‌లో మెటాడేటా (ఫొటో గురించిన వివరాలు) పేజీకి వెళ్లి, వీటిని ఫైల్లో రాయమనే టిక్కులు ఉన్నాయో లేదో మొదటిరోజే చూసుకోండి. లేకపోతే అదంతా డిజికామ్ సొంత జాబితా అయిన డేటాబేస్‌లోనే ఉండిపోతుంది. ట్యాగులు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ‘గోదావరి పుష్కరాలు 2015’ అని కొడితే రాజమండ్రి ఘాట్లలో తీసినవన్నీ వరసగా వచ్చేస్తాయి.

వాట్సాప్ ఫొటోలదే పెద్ద తలనొప్పి. వాటిలో తీసిన తేదీ ఉండదు. ఫైలు పేరులో మాత్రం 20190512 లాంటి అంకెలుంటాయి. డిజికామ్‌లోని ‘టైమ్ అడ్జస్ట్’ ఆ అంకెల్ని చదివి తేదీ వేస్తుంది. అది ఫొటో మనకు చేరిన తేదీయే అనుకోండి, అయినా ఏదీ లేనిదానికన్నా నయం. ఒకే ఫొటో నాలుగు గ్రూపుల్లోంచి వచ్చి ఉంటే డూప్లికేట్లు వెతికి పక్కపక్కన చూపిస్తుంది. మా ఇంట్లో ఒక పెళ్లి ఫొటో అలాగే దొరికింది. కెమెరాలోంచి వచ్చిన దాంట్లో అమ్మమ్మ పట్టుచీర జరీ అంచు గళ్లు లెక్కపెట్టొచ్చు, వాట్సాప్ కాపీలో అదంతా పసుపు మరకలా కనిపించింది. అందుకే అసలు ఫైళ్లను కుదించవద్దని గట్టిగా చెప్తాను. జేపెగ్‌ని మళ్లీ కుదించి సేవ్ చేసిన ప్రతిసారీ ఎంతోకొంత వివరం పోతుంది, అది తిరిగి రాదు. చుట్టాలకు పంపాలంటే, చాలా ఫొటోలను ఒకేసారి మార్చే ‘బ్యాచ్ క్యూ మేనేజర్’లో క్వాలిటీ 85 పెట్టి, చిన్న కాపీలు వేరే ఫోల్డర్‌లోకి తీసుకుంటే చాలు.

ముఖాలు గుర్తుపట్టే పని మన కంప్యూటర్లోనే జరుగుతుంది, ఫొటో బయటికి పోదు. పెద్దవాళ్లను బాగానే పడుతుంది గానీ, ఎదిగే పిల్లల దగ్గర తడబడుతుంది. మొదటిసారి ఫొటోలన్నీ చదవడానికి చాలాసేపు తీసుకుంటుంది. మెనూలు మరీ ఎక్కువ.

ఇది బ్యాకప్ మాత్రం కాదు. దానికి నేను ఫ్రీఫైల్‌సింక్ అనే ఫైళ్లు కాపీ చేసే సాఫ్ట్‌వేర్‌తో రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేస్తాను. ఒకటి మా ఇంట్లో, రెండోది అక్క వాళ్లింట్లో ఉంటాయి. అందులో ‘మిర్రర్’ పద్ధతి బదులు ‘అప్‌డేట్’ ఎంచుకోండి. మిర్రర్‌లో ఇక్కడ పొరపాటున చెరిపిన ఫొటో, తర్వాత సింక్ చేయగానే అక్కడా పోతుంది. డిజికామ్ డేటాబేస్ ఫైళ్లను కూడా ఆ కాపీలో కలపండి.

ఫోన్ తప్ప కంప్యూటర్ ముట్టనివాళ్లకు ఇది పనికిరాదు, మొబైల్ యాప్ లేదు. నెలకోసారైనా కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక ఉంటే కళ్లు మూసుకుని పెట్టుకోండి.